ముందు చక్రాలు

నా భార్య హైమ పోయిన పదమూడో రోజున తండాలో పంచాయితీ పెట్టారు. రూప్లా ఇకముందు జీపు నడపాలా, తాళంచెవి మరొకరికి ఇచ్చేయాలా అన్నది తేల్చడానికి. నన్ను రమ్మని తండా పెద్ద, నాయక్ హాతీరాం కబురు చేశాడు. నష్టపోయినవాడు ముందుగా మాట్లాడాలన్నది ఆ తండా కట్టుబాటు. అతను తనకు ఫిర్యాదు లేదంటే, మిగతావాళ్ళ కోపం ఎంత ఉన్నా వ్యవహారం అక్కడితో ముగుస్తుంది.

అక్కడ నేను చెప్పిన మాట రాయాలంటే ముందు ఆ జీపు గురించి చెప్పాలి.

ఏన్కూరు తారురోడ్డు నుంచి మా బడి దాకా పదకొండు కిలోమీటర్ల అడవి దారి. మధ్యలో ఒక గుట్ట, రెండు వాగులు. బస్సు లేదు. వేలంలో వచ్చిన ఒక పాత పెట్రోలు జీపును తండాలోని ఆరు కుటుంబాలు కలిసి కొన్నాయి. ఆ ఆరు ఇళ్ళలోనూ బండి నడపడం వచ్చినవాడు రూప్లా ఒక్కడే. పెళ్ళికి ముందు మణుగూరులో బొగ్గు లారీల మీద క్లీనరుగా, ఆ తర్వాత డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. మిర్చి బస్తాలు, రేషను బియ్యం, సంతకు వెళ్ళేవాళ్ళు, కాన్పుకు వెళ్ళేవాళ్ళు, మా బడికి వచ్చే సుద్దముక్కల డబ్బాలు, అన్నీ ఆ జీపులోనే.

జీపుతోపాటు దాన్ని నడిపే తీరు చెప్పే పుస్తకం కూడా ఒకటి వచ్చింది. అట్ట లేదు. ఇంగ్లీషులో ఉంది. రూప్లాకు చదువు రాదు. సంతకం ఒక్కటి హైమ నేర్పింది. ఒకనాడు ఆ పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని మా ఇంటికి తెచ్చి, ఇందులో ఏం రాసి ఉందో చెప్పమన్నాడు. ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు రోజుకు రెండు పేజీల చొప్పున చదివి తెలుగులో చెప్పాను. అతని భార్య లాలి వచ్చి హైమ పక్కన అరుగు మీద కూర్చునేది.

రాళ్ళ దారిలో స్టీరింగు పట్టుకునేటప్పుడు బొటనవేళ్ళు లోపలికి పెట్టకూడదని అందులో ఉంది. చక్రం రాయికి తగిలి స్టీరింగు ఒక్కసారిగా తిరిగితే లోపలి కమ్మీ వేలు విరగ్గొడుతుంది. ఆ మాట వినగానే రూప్లా తన కుడి బొటనవేలు చూపించాడు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది.

“గీ బుక్కు రాసినాయన మన గుట్ట ఎక్కిండా ఏంది సార్?” అన్నాడు.

దిగుడులో క్లచ్ తొక్కకూడదు. మొదటి గేరులో వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎత్తును ఏటవాలుగా ఎక్కకూడదు. నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి. మధ్యలో ఆగిపోతే బండిని తిప్పకూడదు, రివర్సు వేసి వచ్చిన దారినే దిగాలి. నీళ్ళలోకి బండి దిగేముందు మనిషి దిగి నడిచి చూడాలి. ఇవన్నీ రూప్లా చేతులకు అంతకుముందే తెలుసు. అయినా పుస్తకంలో ఉన్నాయని తెలిశాక వాటిని వల్లె వేసుకునేవాడు. బండిలో ఎక్కిన ముసలివాళ్ళకు కూడా చెప్పేవాడు. ఆ పుస్తకం మాట మీద అతనికి కలిగిన గురిని చూసి లాలి ఒకరోజు, “సార్, లాలి చెప్పేది గుడ ఇనాలె అని అండ్ల ఒక లైను రాయుండ్రి. గప్పుడన్న ఇంటడేమో” అంది. హైమ చాలాసేపు నవ్వింది.

ఆ జీపు ప్రత్యేకత ఏమిటంటే నాలుగు చక్రాలూ బండిని లాగుతాయి. మంచి దారిలో వెనక చక్రాలు చాలు. బురదలోనో, ఎత్తులోనో డ్రైవరు పక్కనున్న చిన్న రాడ్డును తోస్తే ఇంజను బలం ముందు చక్రాలకు కూడా అందుతుంది. ఆ బలాన్ని ముందుకు చేరవేసేది బండి కింద ఉండే ఒక ఇనుప షాఫ్టు. 1987 మార్చిలో ఆ షాఫ్టు చివర ఉండే కీలు అరిగిపోయింది. మెకానిక్కులు దాన్ని క్రాసు అంటారు. బండి కదిలితే చాలు, కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడయ్యేది.

కొత్త క్రాసు విజయవాడ నుంచి తెప్పించాలన్నాడు ఏన్కూరు మెకానిక్కు. అది వచ్చేదాకా బండి నిలిపేస్తానన్నాడు రూప్లా. నడుస్తూ ఉండగా షాఫ్టు ఊడి నేలకు గుచ్చుకుంటే బండి తలకిందులు కావచ్చు. అతని భయం సరైనదే.

కానీ ఏడో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. మా బడి పిల్లలు తొమ్మిదిమంది రోజూ ఏన్కూరు సెంటరుకు వెళ్ళి రావాలి. అందులో నలుగురు, వాళ్ళ ఇళ్ళలో ఏడో తరగతి దాకా వచ్చిన మొదటివాళ్ళు. షాఫ్టు మొత్తం విప్పి ఇంట్లో పెట్టమని నేనే రూప్లాకు చెప్పాను. వాగులు ఎండి ఉన్నాయి, దారి గట్టిగా ఉంది, వెనక చక్రాలు చాలు, వానలకు ముందు మళ్ళీ బిగించుకోవచ్చు అన్నాను. అతను వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు చక్రాల బండిని రెండు చక్రాల బండి చేస్తే అది తన చేతికి తెలియని బండి అవుతుందన్నాడు. కాసేపు ఆలోచించి అడిగాడు.

“బుక్కుల ఏమున్నది సార్? షాఫ్టు ఇప్పద్దని ఉన్నదా?”

పుస్తకంలో ఆ విషయమే లేదు. విప్పమని లేదు, వద్దనీ లేదు.

“వద్దని ఎక్కడా లేదు” అన్నాను.

అతను తల ఊపి బోల్టులు విప్పే పానాలు తెచ్చుకోవడానికి వెళ్ళాడు. నేను అబద్ధం చెప్పలేదు. కానీ నా నోటి నుంచి వచ్చినప్పుడు ఆ మాట అతనికి ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

పిల్లలు తొమ్మిదిమందీ పరీక్షలు రాశారు. ఎనిమిదిమంది పాసయ్యారు.

మే నెలాఖరుకు క్రాసు వచ్చింది. బిగించడం అరపూట పని. బడి తెరిచే రోజులు. ఏన్కూరు నుంచి పాఠ్యపుస్తకాలు తేవాలి, చుట్టుపక్కల గూడేలు తిరిగి పిల్లల్ని చేర్పించాలి. ఈ ఆదివారం బండి నిలిపి పని చూసుకోనా అని రూప్లా అడిగాడు. వచ్చే ఆదివారం చూద్దామన్నాను. ఆ ఆదివారం మళ్ళీ అడిగాడు. ఆకాశం చూశాను. తేటగా ఉంది. ఇంకో వారం ఆగమన్నాను. బండి నాది కాదు. అయినా నేను చెప్పాక అతను మరొకరిని అడగలేదు.

జూన్ ఇరవై రెండున వాన పట్టుకుంది. హైమకు జ్వరం మొదలైంది కూడా ఆ రోజే.

ఆ అడవిలో జ్వరం కొత్త కాదు. తండాకూ గూడేనికీ కలిపి థర్మామీటరు ఉన్నది మా ఇంట్లోనే. దూదిలో చుట్టి చిన్న డబ్బాలో పెట్టుకుని హైమ ఇల్లిల్లూ తిరిగేది. ఎవరికి ఎంత జ్వరం ఉందో, ఎవరిని ఎప్పుడు దవాఖానాకు పంపాలో ఆమె చెబితే అందరూ వినేవాళ్ళు. తన జ్వరం కూడా తనే చూసుకుంది. బిళ్ళలు వేసుకుంది. రెండు రోజుల్లో దిగుతుందంది. ఐదో రోజు పొద్దున థర్మామీటరు తీసి వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. అంకె చెప్పలేకపోయింది. తర్వాత దాన్ని నా చేతికిచ్చి, ఇదేమిటని అడిగింది.

నేను తండాకు పరుగెత్తాను.

పది నిమిషాల్లో రూప్లా బండి తెచ్చాడు. వెనక సీట్లు విప్పేసి, మందంగా వరిగడ్డి వేసి, దాని మీద బొంత పరిచాడు. టైర్లలో గాలి కొంత తీశాడు. గాలి తగ్గితే టైరు బురదను బాగా పట్టుకుంటుంది, పడుకున్న మనిషికి కుదుపూ తగ్గుతుంది. హైమ తల నా ఒడిలో పెట్టుకున్నాను. లాలి ఆమె కాళ్ళు పట్టుకుని కూర్చుంది. షాఫ్టు మాట ఎవరమూ ఎత్తలేదు. నాకు గుర్తుంది. అతనికీ గుర్తుండే ఉంటుంది. కానీ ఆ పనికి అరపూట కావాలి.

గుట్ట దిగేటప్పుడు మొదటి గేరులో, కాలు బ్రేకు మీద ఆనీ ఆననట్టు పెట్టి దించాడు. గాడిలో పడకుండా ఒక చక్రాన్ని దారి నడుమ గట్టు మీద, ఇంకో దాన్ని దారి అంచున నడిపించాడు. ఒక్కో రాయినీ ఎక్కించి, ఆపి, దించాడు. ఆ దారిలో ఎనిమిదేళ్ళు తిరిగాను. అంత మెత్తగా ఆ బండి నడవడం ఎన్నడూ చూడలేదు. హైమ రెండుసార్లు కళ్ళు తెరిచింది. ఒకసారి వాళ్ళమ్మను పిలిచింది.

మొదటి వాగు తేలికగా దాటాం. రెండోది నిండుగా ఉంది. రూప్లా బండి ఆపి, కర్ర పట్టుకుని నీళ్ళలో దిగాడు. కర్రతో పొడుస్తూ అవతలి ఒడ్డు దాకా వెళ్ళి, కొంచెం పక్కగా తిరిగి వచ్చాడు. తొడల లోతు, అడుగున గులకరాయి, బండి పోతుందన్నాడు. ఫ్యాను రెక్కలు నీళ్ళను ఇంజను మీద చిమ్మకుండా దాని బెల్టు తీసేశాడు. ప్లగ్గుల వైర్ల మీద ప్లాస్టిక్ కాగితం కట్టాడు. ఒకే గేరు, ఒకే వేగం. మధ్యలో నీళ్ళు అడుగు రేకు మీదికి వచ్చి లాలి పాదాలు తడిశాయి. బండి ఆగలేదు. వాగు దాటేశాం.

అవతలి ఒడ్డు నల్లమట్టి. ఎక్కువ ఎత్తేం కాదు, రెండు మనిషి నిలువులు ఉంటుందేమో. సగం ఎక్కాక వెనక చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. రూప్లా వెంటనే యాక్సిలరేటరు వదిలేశాడు. తొక్కినకొద్దీ గొయ్యి తవ్వుకుంటాయి. వచ్చిన జాడలోనే వెనక్కి దించి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి ఇంకొంచెం పైకి వచ్చి, వెనక భాగం పక్కకు జారింది. కుడి చక్రం ఇరుసు దాకా దిగబడింది. అప్పుడు అతని ఎడమచేయి తనంతట తానే చిన్న రాడ్డు మీదికి వెళ్ళి దాన్ని ముందుకు తోసింది. ముందు చక్రాలు కదలలేదు. అతను చేతిని కొంతసేపు ఆ రాడ్డు మీదే ఉంచాడు. వెనక్కి తిరిగి నా వంక చూడలేదు.

అక్కడ రెండున్నర గంటలు గడిచాయి. బరువు తగ్గించడానికి హైమను దించి ఒక ఇప్పచెట్టు కింద బొంత మీద పడుకోబెట్టాం. కొమ్మలు నరికి చక్రాల కింద వేశాం. రాళ్ళు పేర్చాం. జాకీ కింద పలక పెడితే పలకే మట్టిలోకి దిగింది. లాలి దగ్గరలోని గూడెంలోకి వెళ్ళి జంపయ్యనూ మరో అయిదుగురినీ పిలుచుకొచ్చింది. మంచం మీద మోసుకుపోదాం సారూ అన్నాడు జంపయ్య. తారురోడ్డు ఇంకా ఆరు కిలోమీటర్లు. వాన ఆగలేదు. రోడ్డు మీద వాహనం దొరుకుతుందో లేదో తెలియదు. అందరూ నా వంక చూశారు. బండి వస్తుంది, ఆగుదామన్నాను. చివరికి ఎడ్లజతను తెచ్చి, తాళ్ళు కట్టి, మనుషులం వెనక నుంచి తోస్తే పైకి వచ్చింది. అంతసేపూ జంపయ్య భార్య రామక్క హైమ మొహం మీద చినుకు పడకుండా గొంగడి పట్టుకుని నిలబడే ఉంది.

కొత్తగూడెం ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మర్నాడు ఉదయం హైమ పోయింది. మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు. రెండున్నర గంటలు ముందు తీసుకొచ్చి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. ఆయన కొంచెం ఆలోచించి, చెప్పలేనన్నాడు. నిజాయితీగా చెప్పిన మాట అది.

హైమ వాళ్ళమ్మ రాఘవమ్మగారు మధిర దగ్గర పల్లె నుంచి వచ్చి నా దగ్గరే ఉండిపోయారు. జీపుకు ముందు షాఫ్టు లేదన్న సంగతి ఆమెకు భద్రు చెప్పాడు. అతను ఆరుగురు భాగస్వాముల్లో ఒకడు. నాలుగు చక్రాలు లాగాల్సిన బండిని రూప్లా రెండు చక్రాలతో నడిపి ఒక ప్రాణం తీశాడని తండా అంతా అనుకుంది. లాలి జొన్నరొట్టెలూ కూరా తెస్తే రాఘవమ్మగారు, “ఆ గిన్నె తీసుకెళ్ళమ్మా” అన్నారు. గట్టిగా అనలేదు. లాలి మళ్ళీ రాలేదు.

పంచాయితీ ముందురోజు మాత్రం, నేను బడి తాళం వేస్తుంటే గోడ పక్కన నిలబడి ఉంది. “సార్, ఫిర్యాదు లేదు అని గంతమాట అనుండ్రి సాలు. ఇంకేం అడగ” అంది. షాఫ్టు విప్పమన్నది ఎవరో లాలికి తెలుసు. రూప్లా ఎవరికీ చెప్పలేదు, ఆమెనూ చెప్పనివ్వలేదు.

నాయక్ ఇంటి ముందు పందిరి కింద అందరూ కూర్చున్నారు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు గోడ వారగా. రాఘవమ్మగారు కూడా వచ్చారు. రూప్లా దూరంగా గొంతుక్కూర్చున్నాడు. జీపు తాళంచెవి అప్పటికే నాయక్ ముందు నేల మీద పెట్టేశాడు. నేను లేవకముందే భద్రు లేచి మాట అందుకోబోయాడు.

“నీ పెండ్లాం సచ్చిందారా? కూసో” అన్నాడు హాతీరాం. భద్రు కూర్చున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఫిర్యాదు లేదనడం తేలిక. నాది పెద్ద మనసని అందరూ అనేవాళ్ళు. లాలి దణ్ణం పెట్టేది. రూప్లా మాత్రం ఆ తండాలో మాఫీ దొరికిన మనిషిగా జీవితాంతం మిగిలిపోయేవాడు. మాఫీ ఇవ్వాలంటే అవతల తప్పు ఉండాలి.

“షాఫ్టు విప్పమన్నది నేను” అన్నాను. “పరీక్షల కోసం విప్పించాను. క్రాసు వచ్చాక బిగిస్తానని రూప్లా రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆగమన్నాను. మంచం మీద మోసుకుపోదామని జంపయ్య అంటే వద్దన్నది కూడా నేనే. ఆ రోజు బండి నడిపిన తీరులో రూప్లా పొరపాటు ఒక్కటి కూడా లేదు.”

రాఘవమ్మగారున్న వైపు నేను చూడలేకపోయాను. మరి ఈ రూప్లా ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని భద్రు మెల్లగా గొణిగాడు. నాయక్ రూప్లా వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు.

“అవ్, సార్ చెప్పింది నిజమే” అన్నాడు రూప్లా. “గని స్టీరింగు పట్టింది నేను. దారి నాకెరుక, వాగు నాకెరుక. సార్‌కేమెరుక? బుక్కు సదివి చెప్పిండు. ఇప్పేటప్పుడే నా పానం ఒద్దన్నది. బుక్కుకు భయపడి ఊకున్న. గది నా తప్పే. సార్ మీద ఎయ్యకుండ్రి.”

హాతీరాం చుట్ట వెలిగించుకుని సగం దాకా కాల్చాడు. తప్పు నాదంటే నాదని ఇద్దరు కొట్లాడే పంచాయితీ ఈ వయసులో చూస్తాననుకోలేదన్నాడు. తర్వాత తాళంచెవి తీసి రూప్లా వైపు విసిరాడు.

“బండి నువ్వే నడుపు. గని ఒక్క మాట. బండి ఆగాలె అని నీకు అనిపిస్తె ఆపాలె. నేను పొమ్మన్నా ఆపాలె, సార్ పొమ్మన్నా ఆపాలె, సచ్చేటోడు బండ్ల పండుకోని బతిమాలినా ఆపాలె. ఇన్నవా?”

రూప్లా తాళంచెవి తీసుకున్నాడు. తల ఎత్తలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి రాఘవమ్మగారు పొయ్యి ముందు ఉన్నారు. అన్నం వండి నాకు వడ్డించారు. నేను తింటున్నంతసేపూ గుమ్మం పక్కన కూర్చుని బయటికి చూస్తున్నారు. కంచం తీయబోతుంటే అడిగారు.

“మా అమ్మాయికి తెలుసా, అది విప్పించినట్టు?”

“తెలుసు. బిగించమని ఒకసారి చెప్పింది.”

“మీరేమన్నారు?”

“వచ్చే ఆదివారం అన్నాను.”

ఆమె నా చేతిలోంచి కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

మర్నాడు పొద్దునే బయలుదేరి ఊరికి వెళ్ళిపోతానన్నారు. పంచాయితీ అయిన సాయంత్రమే రూప్లా, జీపులో మరో భాగస్వామి మంగీలాల్ కలిసి షాఫ్టు బిగించారు. పొద్దున జీపు వాకిట్లోకి వచ్చినప్పుడు ఆమె సంచి పట్టుకుని దాని ముందు ఒక్క క్షణం ఆగారు. తర్వాత ముందు సీట్లో రూప్లా పక్కన ఎక్కి కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. రెండో వాగు దాటి నల్లమట్టి ఒడ్డు ఎక్కుతుండగా, బండి ఎక్కడ దిగబడిందని రూప్లాను అడిగారు. అతను ఒడ్డు ఎక్కి, గట్టి నేల మీద బండి నిలిపి, చేయి చాపి చూపించాడు. ఆమె దిగి అక్కడిదాకా నడిచి వెళ్ళారు. వానలకు గుంట పూడిపోయింది. మేం వేసిన కొమ్మలు రెండు మట్టిలోంచి పైకి కనిపిస్తున్నాయి. ఆమె కొంచెంసేపు నిలబడి తిరిగి వచ్చారు.

“పద నాయనా” అన్నారు రూప్లాతో.

ఏన్కూరులో ఖమ్మం బస్సు సిద్ధంగా ఉంది. సంచి నేను అందించబోతే రూప్లా చేతికిచ్చారు. అతనే లోపల పెట్టి వచ్చాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను కిటికీ కింద నిలబడ్డాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు, “బాబూ” అనేవారు. ఉత్తరాల్లో కూడా ఆ మాటే రాయించేవారు.

బస్సు కదిలేముందు ఆమె నా వంక చూశారు. కోపం లేదు.

“వెళ్ళొస్తాను మాస్టారూ” అన్నారు.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. రూప్లా బండి దగ్గర ఎదురుచూస్తున్నాడు. ముందు సీటు తుడిచి పెట్టాడు. బడి గంటకు ఇంకా సమయం ఉంది. నేను వెనక ఎక్కి కూర్చున్నాను. అతను బండి స్టార్టు చేశాడు.